నన్ను సార్ అన్న పిల్ల

ఫిబ్రవరి 4

మేడం గారికి,

నువ్వు నన్ను సార్ అన్నావు.

ఇన్నేళ్ళుగా ఈ ఉత్తరం రాయాలనుకున్నప్పుడల్లా మొదటి ముక్క ఇదే అనుకుంటూ వచ్చాను. అందుకే క్షేమసమాచారాలు కూడా దీని వెనకాలే నిలబడాలి. నేను బాగానే ఉన్నాను. మోకాలు బాగాలేదు. అది నీకు అనవసరం.

ఆ రోజు ఆసుపత్రిలో మీ పెద్దమ్మ లోపల ఊపిరి వదిలేసింది. దుప్పటి కూడా ఇంకా సర్దలేదు. నేను వార్డు వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు నువ్వొచ్చావు. మెడలో ఆసుపత్రి బిళ్ళ, చేతిలో కాగితాల అట్ట. "సార్, నేనిక్కడ కౌన్సిలర్‌ని. కాసేపు కూర్చుంటారా సార్? నాతోపాటు ఒకసారి ఊపిరి పీల్చండి సార్, మెల్లగా వదలండి" అన్నావు. నీ పేరు కూడా చెప్పావు. నాకు. మీ అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతుంటే నువ్వు మా ఇంట్లో పెరిగావు. మాటలన్నీ నోట్లోనే నలుపుకునేదానివని మీ పెద్దమ్మ నీకు గొణుగుడు అని పేరు పెట్టింది. ఆ గొణుగుడు వచ్చి, మెత్తటి గొంతుతో, ఎవరో దారినపోయేవాడికి చెప్పినట్టు తన పేరు నాకు చెబుతోంది.

"ఆ ఊపిరేదో లోపల మంచం మీదున్నదానికి ఇప్పించు" అన్నాను. అని కిటికీ అద్దం మీద ఒక్కటి వేశాను. పగిలింది. పగలాలనే వేశాను.

ఇదంతా కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. నీ పెళ్ళికి రాలేదు. ఎందుకు రాలేదో నీకు తెలుసనుకున్నాను. నువ్వు ఉద్యోగంలో పెద్దదానివయ్యావని, ఇలాంటి కౌన్సిలర్లకి పాఠాలు చెబుతున్నావని విన్నాను. చెప్పుకో, నాకేం అన్నాను.

మొన్న మా పక్క వాటా వాళ్ళ కోడలు నీ దగ్గర నేర్చుకుని వచ్చింది. మెట్ల మీద కూర్చుని వాళ్ళ అత్తకి చెబుతోంది. మా మేడం క్లాసులో ఒక ముసలాయన వేషం వేయిస్తుంది, లారీ షెడ్డులో పనిచేసే మనిషట, అద్దం పగలగొడతాడట, ఊపిరి పీల్చమంటే లోపలున్నదానికి ఇప్పించు అంటాడట, అందరూ నవ్వారట. నేను తలుపు వెనకే ఉన్నాను. మా ఇంటి తలుపే అది, దొంగతనంగా వినలేదు.

నా నోటి మాట అది. మీ పెద్దమ్మ పోయిన రోజున అన్న మాట. దాన్ని వేషం కట్టించి ఆడిస్తావా నువ్వు? ఆపెయ్. ఆపేశానని రాయి.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు మెత్తగా మాట్లాడతావు, అది నీ ఉద్యోగం. కాగితం మీద రాయి. రాతలో తప్పులుంటే దిద్దుకో.

ఇట్లు,
సార్

ఫిబ్రవరి 9

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఇన్నేళ్ళకి మీ చేతిరాత చూసి చాలాసేపు కవరు చింపలేదు. మోకాలి గురించి అనవసరం అన్నారు కానీ, డాక్టరుకి చూపించారా?

మీ కోపం నాకు అర్థమవుతోంది. మీరు అలా బాధపడటం సహజం. నేను చేసే పనేమిటో చెబితే కొంత తేలికపడుతుందేమో. ఒక మనిషికి ఉన్నట్టుండి పెద్ద దెబ్బ తగులుతుంది. ఎవరో పోతారు, ఇల్లు కాలుతుంది, ప్రమాదం జరుగుతుంది. ఆ క్షణంలో వాళ్ళకి కాళ్ళ కింద నేల కూడా తెలియదు. అప్పుడు పక్కన నిలబడి ఏం చేయాలో, ఏం చేయకూడదో మా పిల్లలకి నేర్పిస్తాను. పెద్ద పెద్ద వైద్యాలు కాదు, చిన్నవే. నీళ్ళివ్వడం, కూర్చోబెట్టడం, ఊపిరి మీదకి ధ్యాస తేవడం, ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటి చెప్పడం. మనిషి జీవితాన్ని బాగుచేస్తామని మేం అనం. ఆ గంట దాటిస్తాం. అంతే.

మీ కేసు క్లాసులో తీసిన మాట నిజమే. కొత్త బ్యాచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ తీస్తాం. దాన్ని ఇప్పుడు మూసేయడం కుదరదు పెదనాన్నా, దానివల్ల ఎంతోమందికి మేలు జరుగుతోంది. ఎక్కడా మీ పేరు లేదు. మీరే ఒకసారి స్వయంగా వచ్చి, ఆ రోజు ఏం జరిగిందో మీ మాటల్లో చెబితే అందరికీ మంచిది. దాని గురించి ఆలోచించండి.

పిల్లలు నవ్విన మాట నిజమే, కానీ మీరనుకున్నందుకు కాదు. మీ పక్క వాటా అమ్మాయి మధ్యాహ్నం భాగానికి ఉండలేదు, బస్సుందని వెళ్ళిపోయింది.

ఇట్లు,
మీ అమ్మాయి

ఫిబ్రవరి 14

మేడం గారికి,

స్వయంగా వచ్చి చెప్పమన్నావు కదా. వెళ్ళాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా కేసు తీశారట, మళ్ళీ మళ్ళీ తీస్తారట, మూసేయడం కుదరదట. సరే, పగలగొట్టింది నేనే, దాక్కునే రకం కాదు అని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పోలీసు స్టేషనుకి పోయాను. బల్ల దగ్గర కూర్చున్నతనితో చెప్పాను, బాబూ, ఆసుపత్రి అద్దం కేసు నాది, మళ్ళీ తీశారట, రాసుకో అని. అతను కంప్యూటరులో వెతికాడు. ఇంకొకతన్ని పిలిచాడు. ఇద్దరూ వెతికారు. నీ మీద ఏ కేసూ లేదు తాతా, ఎవరు చెప్పారు నీకు అన్నారు. మా తమ్ముడి కూతురు అన్నాను. ఆస్తి గొడవలా అన్నాడు. కాదు బాబూ, ఊపిరి గొడవ అన్నాను. టీ ఇచ్చి, ఆటో దాకా దిగబెట్టి పంపారు. ఆ ఇద్దరూ చాలా మర్యాదస్తులు. నన్ను తాతా అన్నారు, సార్ అనలేదు.

ఇంటికొచ్చాక పక్క వాటా కోడలు చెప్పింది, మీ భాషలో కేసు అంటే మనిషట. స్టేషనులో కూడా కేసు లేని మనిషిని నేను. నువ్వు కేసు అంటావా నన్ను?

ఇంకొకటి. నా కోపం నీకు అర్థమవుతోందని రాశావు. ఎలా అర్థమవుతోంది? నాకే ఇంకా అర్థం కాలేదు. బాధపడటం సహజం అంట. ఆ ముక్క నువ్వు ఎంతమందికి రాశావో, నాకొకటి పడేశావు.

గంట దాటిస్తారా మీరు. నాకు దాటలేదమ్మా. అక్కడే ఉన్నాను నేను, ఆ వరండాలో.

నువ్వు ఆడుకుని పెరిగింది మన లారీ షెడ్డులో, మర్చిపోయి ఉంటావు. గాలి బ్రేకు బండికి గాలి పోతే జారిపోతుందనుకుంటారు తెలియనివాళ్ళు. జారదు. గాలి పోతే బ్రేకు పట్టేస్తుంది. చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు పదిమంది వెనకనుంచి తోసినా కదలదు, తోసినవాళ్ళ నడుము పోతుంది. ఆ రోజు నేనలా బిగుసుకుపోయి నిలబడ్డాను. నువ్వు ఊపిరీ ఊపిరీ అని తోశావు.

నీకంటే ఆ నర్సు పిల్ల నయం. పో అవతలికి అని నిన్ను తరిమాక, నేను బల్ల మీద కూలబడి ఉంటే వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. ఒక్క ముక్క మాట్లాడలేదు. నా ముందు నేల మీద కూర్చుని, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గాజు పెంకులు ఒక్కొక్కటీ తీసి, కట్టు కట్టింది. నేను ఏడ్చినట్టున్నాను అప్పుడు. పట్టించుకోనట్టే ఉంది, పోలేదు కూడా. కట్టుకి ముడి కూడా ఎలా వేసిందో తెలుసా, మన లారీ టార్పాలిన్ తాడుకి వేసే ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది, కొస పట్టుకుని ఒక్కసారి గుంజితే వదిలేస్తుంది. ఎవరు పెంచారోగాని, అదీ పెంపకమంటే.

దాన్ని పెట్టుకో నీ క్లాసులో, పాఠం చెబుతుంది. నా వేషం ఆపెయ్.

ఇట్లు,
కేసు

ఫిబ్రవరి 18

పెదనాన్నగారికి,

స్టేషను దాకా వెళ్ళారని చదివి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. కేసు అన్న మాట నాది పొరపాటు. మా వాళ్ళ మధ్య అలవాటైపోయింది, మీకు రాసేటప్పుడు చూసుకోవాల్సింది. ఇంకెప్పుడూ రాయను.

మీ బ్రేకు మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మా పుస్తకాల్లో పేజీలకొద్దీ ఉన్నది మీరు నాలుగు ముక్కల్లో చెప్పారు. నిన్న క్లాసులో పిల్లలకి చెప్పాను. అందరూ రాసుకున్నారు. ఒకబ్బాయి బోర్డు మీద చక్రం బొమ్మ కూడా గీశాడు. మీరు ఎదురుగా ఉండి చెబితే ఎంత బాగుంటుందో అనిపించింది.

కానీ ఒకటి చెప్పాలి. ఊపిరి మాట నేను వెనక్కి తీసుకోను. మీ పెదాలు నీలం తిరిగాయి ఆ రోజు. మీరు ఊపిరి బిగబట్టి ఉన్నారు, మీకు తెలియదు. నా స్థానంలో ఎవరున్నా ఆ మాటే చెప్పాలి. ఇప్పుడైనా అదే చెబుతాను.

వచ్చే నెల పన్నెండున, శనివారం, కొత్త బ్యాచి మొదలవుతుంది. వాళ్ళని నేరుగా వార్డుల్లో వేస్తారు. వాళ్ళకి ఆ పాఠం చెప్పకుండా పంపలేను. మీరు వస్తే మీ మాటల్లో వింటారు, రాకపోతే వేషమే దిక్కు.

నర్సు సంగతి. ఆ రోజు ఆ వరండాలో కట్టు కట్టే నర్సు ఎవరూ లేరు పెదనాన్నా. ఇద్దరే ఉన్నారు డ్యూటీలో, ఇద్దరూ లోపల పెద్దమ్మ దగ్గరున్నారు.

ఇట్లు,
మీ అమ్మాయి

ఫిబ్రవరి 22

మేడం గారికి,

నా బ్రేకు కూడా పట్టుకుపోయావా?

నేను నీ మీద కోపంతో రాసిన మాట అది. నీకు తగలాలని రాశాను. నువ్వు దాన్ని తుడిచి, మెరుగుపెట్టి, బోర్డు మీద బొమ్మ గీయించావు. నిన్ను తిట్టినా పాఠమేనా? రేపు నేను పోతే అది కూడా రాసుకుంటారా మీ పిల్లలు? ఇంట్లో ఉన్న సామానంతా ఒక్కొక్కటే మోసుకుపోతున్నావు, ఇంటివాణ్ణి మాత్రం పలకరించవు.

నేను మీ క్లాసుకి వచ్చి బొమ్మలా నిలబడను. చూసేవాళ్ళు చూడటం, రాసుకునేవాళ్ళు రాసుకోవడం. లారీకి కూడా అలా జరగదు, బాగుచేసే ఉద్దేశం ఉంటేనే బోనెట్టు ఎత్తుతారు.

నర్సు లేదంటావా. నాకు మతి చలించిందని రాయి, సరిపోతుంది. నా చేతికి కట్టు ఎవరు కట్టారు మరి, గోడ కట్టిందా? నీకంటే బాగా చేసిన మనిషి ఒకతె ఉందంటే ఒప్పుకోలేవు, అదీ సంగతి. చిన్నప్పుడు కూడా అంతే. క్యారమ్స్‌లో ఓడిపోతే పావులు దాచేసేదానివి.

ఆ పిల్ల ఆచూకీ కనుక్కుని రాయి. నేనే వెళ్ళి కనబడతాను. ఆ రోజు ఒక్క మాట చెప్పలేదు దానికి. చెయ్యి అందుకుంటే లేచాను, అంతే. అక్కణ్ణించి లోపలికి నడిచి మీ పెద్దమ్మ ముఖం చూడగలిగానంటే ఆ పిల్ల చలవే. నీ ఊపిరి కాదు.

మీ పెద్దమ్మ ఉంటే ఇవన్నీ రాసే పని ఉండేది కాదు. నీ చెవి మెలిపెట్టి సార్ అనడం మాన్పించేది.

ఇట్లు,
మతి చలించిన సార్

ఫిబ్రవరి 26

పెదనాన్నా,

ఇక మెత్తగా రాయడం నావల్ల కాదు. మీరు మెత్తదనం వద్దన్నారు కదా, తీసుకోండి.

ఆ నర్సు నేనే.

మీరు "పో అవతలికి" అన్నాక మా పెద్ద మేడం నన్ను భుజం పట్టుకుని లోపలికి పంపేసింది, నువ్విక్కడ ఉండకూడదు అని. సామాన్ల గదిలో రెండు నిమిషాలు నిలబడ్డాను. మీ చేతినుంచి నెత్తురు కారుతోందని ఎవరికీ పట్టలేదు, అందరూ గాజు ఊడవడంలో ఉన్నారు. ట్రేలో మాస్కు కనబడింది. కట్టుకున్నాను. బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాను. మీ కళ్ళద్దాలు అప్పటికే కిందపడి పోయాయి, మీరు తల కూడా ఎత్తలేదు. నోరు తెరిస్తే గొంతు గుర్తుపడతారని, మళ్ళీ పొమ్మంటారని నోరు తెరవలేదు. ఆ ముడి నాకు ఎవరు నేర్పారు? షెడ్డులో నన్ను టార్పాలిన్ మీద కూర్చోబెట్టి, నా వేళ్ళు పట్టుకుని వేయించింది ఎవరు? ఎవరు పెంచారోగాని అంటారా మీరు, నాకు రాసిన ఉత్తరంలో?

ఇప్పుడు సార్ సంగతి. ఆ మాట మీద ఇన్నేళ్ళు అలిగారు. పెద్దమ్మ మంచం దగ్గర డ్యూటీలో ఉన్నది నేను. ఆమె చెయ్యి నా చేతిలో ఉండగానే పోయింది. ఉద్యోగంలో చేరిన కొత్త. బయట ఆమె మనిషి నిలబడి ఉన్నాడు, వెళ్ళి చూడు అన్నారు, మీరు నాకేమవుతారో తెలియక. వచ్చాను, ఎదురుగా మీరు. నోట్లో పెదనాన్నా అన్న మాట ఉంది. అది బయటికి వచ్చిందంటే నేను అక్కడే నేల మీద పడిపోయేదాన్ని. మీకు ఎవరు దిక్కు అప్పుడు? అందుకని నేర్పించిన మాటల్లోంచి ఒకటి పట్టుకున్నాను, నీళ్ళలో పడ్డవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకున్నట్టు. అది సార్ అయింది. నేను దానికి క్షమించమని అడగను.

క్లాసులో నవ్వేది మిమ్మల్ని చూసి కాదు. తన పెదనాన్నకి తన పేరు చెప్పుకునే ఆ కౌన్సిలరు పిల్లని చూసి. ఆ పిల్ల వేషం నేనే వేస్తాను, ప్రతిసారీ. నవ్వనిస్తాను. మధ్యాహ్నం రెండో భాగం ఉంటుంది. అందులో ఒక్క మాట ఉండదు. కింద కూర్చుని కట్టు కట్టడమే. అప్పుడు ఎవరూ నవ్వరు. మీ పక్క వాటా కోడలు బస్సెక్కింది ఆ భాగం చూడకుండా. మాట పనిచెయ్యని చోట ఏం చెయ్యాలో నేర్పడానికే ఆ పాఠం. సొంతవాళ్ళ దగ్గరికి మిమ్మల్ని పంపితే వెళ్ళకండి, ఇంకొకరిని పంపమనండి అని చెప్పడానికి కూడా.

మీకు కోపం ఉంది. నాకు లేదా? ఆ మర్నాటి నుంచి ఇంటికి వచ్చినవాళ్ళంతా మీ చుట్టూ కూర్చున్నారు. మీ చేతికి కట్టు చూసి అందరూ అయ్యో అన్నారు. నేను గిన్నెలు కడిగాను. ఆమె నాకు జడలు వేసింది, నాకు అన్నం పెట్టింది, అమ్మ కంటే ఎక్కువగా నేను ఆమెనే అమ్మా అన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నీకెలా ఉందే అని అడగలేదు. మీరైతే తలుపే మూసేశారు. ఊళ్ళోవాళ్ళందరినీ ఆ మాట అడగడం నేర్పిస్తాను నేను. నన్ను అడిగే మనిషి లేడు.

నర్సు ఆచూకీ అడిగారుగా. ఇదీ ఆచూకీ.

గొణుగుడు

మార్చి 2

గొణుగుడు,

నీ ఉత్తరం చదివి లేచి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఒళ్ళు మండిపోతోంది. ఇప్పుడు ముందటికంటే ఎక్కువ మండుతోంది, ఎవరి మీదో తెలియక.

ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉంటావా? మాట్లాడకూడని చోట సార్ సార్ అని అంత మాట్లాడావు, మాట్లాడాల్సిన చోట గుడ్డ కట్టుకుని కూర్చున్నావు. పోనీ తర్వాతైనా చెప్పొచ్చుగా. నేను తలుపు మూశానంటావు. మూస్తే తన్నాలి. నా ఇంటి తలుపు తన్నే హక్కు నీకు కాక ఎవరికుంది? చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి రోజూ తన్నే వచ్చేదానివి. ఆ గుర్తు తలుపు కింది రేకు మీద ఇంకా ఉంది, రంగు వేయించలేదు నేను.

చెయ్యి చూసుకున్నాను. మచ్చ ఉంది. తర్వాత కట్టు మార్చేటప్పుడు కాంపౌండరు కత్తెర తెచ్చాడు. వద్దని కొస పట్టి గుంజాను, వదిలేసింది. ఇది మన ముడేనని అప్పుడే అనుకున్నాను. ఏ లారీవాడి కూతురో అనుకున్నాను. మన ఇంటిదాకా రాలేదు నా బుర్ర. అదొకటి నా తలకాయ మీద నాకే కోపం.

సార్ అన్నందుకు క్షమించమని అడగను అన్నావు. అడగకు. అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు. కానీ నోట్లో పెదనాన్నా అని ఉందన్నావు చూడు, అది మింగేశావన్నావు. అది నాది. నాకు రావాల్సింది. ఇప్పుడు కక్కు.

శనివారం మీ క్లాసుకి వస్తాను. బొమ్మలా నిలబడను, చెప్పాను. మధ్యాహ్నం భాగానికే వస్తాను. నేల మీద కూర్చుని నువ్వు కట్టు కట్టే చోట కుర్చీలో వేరేవాడెవడో ఎందుకు, నేనే కూర్చుంటాను. చెయ్యి నాది కదా. అక్కడ ఎవరైనా నన్ను ఊపిరి పీల్చమన్నారో, కుర్చీ లేపుతాను. అందరి ముందూ నన్ను పెదనాన్నా అని పిలవాలి. గట్టిగా. గొణగకూడదు. అలా పిలిస్తే నువ్వు కూలబడతావన్నావు, కూలబడు. అంతమంది కౌన్సిలర్లు ఉంటారుగా, ఏం నేర్చుకున్నారో చూద్దాం.

బ్రేకు మాట వాడుకోవచ్చు. చక్రం బొమ్మ ఆ అబ్బాయి తప్పు గీసి ఉంటాడు, వచ్చాక దిద్దుతాను.

ఇక అసలు సంగతి. నీకెలా ఉంది?

ఇది నువ్వు నేర్పించే అడగడం కాదు. అట్ట పట్టుకుని అడగడం లేదు. మీ పెద్దమ్మ పోయి నీకెలా ఉందో నాకు తెలియాలి. బాగానే ఉన్నాను అని రాస్తే చింపేస్తాను. సహజం అని రాసినా చింపేస్తాను. పేజీలకొద్దీ రాయి, అక్షరాలు పెద్దవిగా రాయి, నా కళ్ళు బాగాలేవు.

పదో తారీఖు, గురువారం లోపు జవాబు నా చేతికి అందాలి. అందలేదో, శుక్రవారం పొద్దున బస్సెక్కి వచ్చి మీ గేటు ముందు నిలబడి పేరు పెట్టి అరుస్తాను, వీధి వీధంతా వినేలా. నీ కొత్త పిల్లలకి ఒక రోజు ముందే ప్రాక్టీసు అవుతుంది.

గురువారం.

నీ పెదనాన్న